లేనా, దేనా, అమానత్

2024 బక్రీద్ అయిన వారానికి మిర్యాలగూడ నుంచి ఆపా ఫోన్ చేసింది. ఖైరియత్ అడిగింది. అమ్మీ మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నాయని అడిగింది. పిల్లలు ఏం చదువుతున్నారని అడిగింది. ఇవన్నీ తనకు తెలిసినవే. అడగాల్సింది వేరే ఉందని నాకు అర్థమైంది. చివరికి గొంతు తగ్గించి అడిగింది.

"మేరే పైసే కిత్తే హుయే రే?"

నా పైసలు ఎన్నయినయ్ రా, అని. బిడ్డను ఫార్మ్-డీలో చేర్పించాలనుకుంటున్నారు. ఆరేళ్ళ చదువు. ఫీజు, హాస్టల్, పుస్తకాలు. దుల్హాభాయ్ దుకాణం మీద ఇల్లు గడుస్తుంది గానీ ఇంత ఖర్చు గడవదు. 

"చూసి చెప్తా ఆపా" అని ఫోన్ పెట్టేశాను. చూసి చెప్తానన్నాను గానీ ఎక్కడ చూడాలో నాకే తెలియదు.

అసలు సంగతి చెప్తాను. మా అబ్బా 2015లో అల్లాహ్‌కి ప్యారే అయ్యారు. దాదా, దాదీ అప్పటికే లేరు. 2018లో మేము పాత ఇల్లు అమ్మితే 24 లక్షలు వచ్చాయి. షరియత్ ప్రకారం పంచుకున్నాం. అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. మిగిలిన 21 లక్షల్లో నాకు 14, ఆపాకి 7. అమ్మీ తన పైసలు తన బ్యాంకులోనే ఉంచుకుంది. ఆపా మాత్రం తన ఏడు లక్షలు నా చేతిలో పెట్టింది. "ఇంటికి తీసుకపోతే దుకాణంల కలుస్తయ్ రా. నీ దగ్గరే ఉండనీ. నువ్వు నీ పైసలు దేంట్ల పెడ్తవో నావి కూడ దాంట్లనే పెట్టు. సూద్ మాత్రం వద్దు" అన్నది.

నేను అప్పుడు షరియా స్క్రీనింగ్ ఉన్న ఒక ఈక్విటీ ఫండ్‌లో పెట్టాలనుకుంటున్నాను. బ్యాంకులు, సారా కంపెనీలు, సూద్ మీద బాగా అప్పులు చేసిన కంపెనీలు తీసేసి మిగిలిన షేర్లు కొనే ఫండ్ అది. నావి 5 లక్షలు, ఆపావి 7 లక్షలు కలిపి, ఒకే రోజు, ఒకే ఫోలియోలో, నా పేరు మీద, నా పాన్ నంబరు మీద పెట్టేశాను. విడివిడిగా పెట్టాలన్న ఆలోచనే రాలేదు. అక్క తమ్ముళ్ళమే కదా, ఎవరు ఎవరిని మోసం చేస్తారు?

ఆ తర్వాత ఆరేళ్ళలో ఆ ఫండ్ నుంచి పైసలు తీశాం. ఆపా ఆపరేషన్‌కి ఒకసారి, లాక్‌డౌన్‌లో నా జీతం సగమైనప్పుడు ఒకసారి, ఆపా ఇంటి స్లాబుకి ఒకసారి. ప్రతిసారీ ఫోన్‌లో రెండు బటన్లు నొక్కడమే. ఎక్కడా రాసుకోలేదు.

ఫోన్ పెట్టేసి నా పెట్టుబడులు చూపించే యాప్ తెరిచాను. పైన పెద్ద అక్షరాల్లో 'మీ సంపద' అని ఉంది. కింద 20,10,000 అని ఉంది. మీ సంపద! అందులో ఆపాది ఎంత? యాప్‌కి ఆపా ఎవరో తెలియదు.

ఆ రాత్రి నుంచి నేను హిసాబ్ సాఫ్ట్‌వేర్ల వెంట పడ్డాను. నాలాగా ఇంకో ఇంట్లో ఇంకో ఆపా ఫోన్ చేసే లోపు మీకు ఉపయోగపడుతుందని ఇదంతా రాస్తున్నాను.

మొదట ఖర్చులు చూసే యాప్ ఒకటి వేసుకున్నాను. పేరు చెప్పను, ఇలాంటివి చాలా ఉన్నాయి. ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లన్నీ చదువుతానని ఇజాజత్ అడిగింది, ఇచ్చాను. బ్యాంకు మెసేజ్‌లు చదివి దానంతటదే ఖర్చులు రాసుకుంటుంది. మొదటి వారం సంబరంగా ఉంది. రెండో వారంలో చూస్తే, ఒక బ్యాంకు నుంచి నా ఇంకో బ్యాంకుకి పంపుకున్న డబ్బుని ఒకచోట ఖర్చుగానూ ఇంకోచోట ఆదాయంగానూ రాసింది. జకాత్ ఇస్తే 'ఇతరములు' అంది. చాచా కొడుక్కి ఇచ్చిన ఖర్జె హసనాని 'షాపింగ్' అంది. సేవింగ్స్ ఖాతాలో సూద్ పడినప్పుడు పచ్చరంగులో చూపించి, ఈ నెల మీ ఆదాయం పెరిగిందని ముబారక్‌బాద్ కూడా చెప్పింది. ఆ సూద్‌ని సవాబ్ నియ్యత్ లేకుండా వదిలించుకోవాలని నేను చూస్తుంటే, అది నన్ను మెచ్చుకుంటోంది. నెల తిరక్కుండానే, మీకు లోన్ కావాలా అని అడగడం మొదలుపెట్టింది. తీసేశాను.

రెండోది, అకౌంట్ అగ్రిగేటర్ ద్వారా పనిచేసేది. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల కింద 2021 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. మనం మంజూరీ ఇస్తే మన బ్యాంకులు, ఫండ్లు వాటి లెక్కలు ఒకచోటికి పంపిస్తాయి. ఎన్ని రోజులకి ఇస్తున్నామో, దేనికి ఇస్తున్నామో ముందే చెప్తారు, వెనక్కి తీసుకోవచ్చు. మెసేజ్‌లన్నీ చదవనివ్వడం కంటే ఇది చాలా నయం. అంకెలు కూడా సరిగ్గా వచ్చాయి. కానీ అది చూసేది నా పేరు మీద ఉన్నవే. బీరువాలో ఉన్న బంగారం దానికి తెలియదు. చాచా కొడుకు నాకు ఇవ్వాల్సింది తెలియదు. నా పేరు మీద ఉండి నాది కానిది దానికి అసలే తెలియదు.

మూడోది ఎక్సెల్. చాలామందికి ఇది చాలు, నేనూ అదే చెప్తాను. తేదీ, మొత్తం, యూనిట్లు, ఎవరిది అని నాలుగు నిలువు వరుసలు గీసుకుంటే పని అయిపోతుంది. నేనూ గీసుకున్నాను. ఒక రాత్రి నిద్రమత్తులో తేదీల వరుస ఒక్కదాన్నే సార్ట్ చేశాను. తేదీలు ఒకవైపు, అంకెలు ఒకవైపు పోయాయి. అది గమనించింది నాలుగు రోజుల తర్వాత. అప్పటికి సేవ్ అయిపోయింది. తప్పు ఎక్సెల్‌ది కాదు, నాదే. కానీ ఎక్సెల్ నన్ను ఆపలేదు. తప్పు చేస్తే అరిచేది ఏదైనా కావాలనిపించింది.

నేను రాత్రిళ్ళు కంప్యూటర్ ముందు కూర్చోవడం చూసి మా బేగం ఒకరోజు అడిగింది.

"రేపు మీకేమన్నా అయితే, అల్లాహ్ న కరే, ఈ లెక్కలు నేను ఎట్ల తెరవాలె? పాస్‌వర్డ్ నాకు తెల్వదు. ఆపాకి ఇచ్చేది ఉందని కూడ నాకు తెల్వదు. మీ పేరు మీద ఉన్నదంతా మీదే అనుకుంట కదా?"

నాకు నోట మాట రాలేదు. ఆ ఫోలియోకి నామినీ తనే. నామినీ అంటే మాలిక్ కాదని, వారిసులకి అందజేయాల్సిన మనిషని 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంటే నేను పోతే ఆ 20 లక్షలు నా తర్కాగా లెక్కవుతాయి. బేగంకి, పిల్లలకి, అమ్మీకి హిస్సాలు పడతాయి. ఆపా వచ్చి "ఇందులో నావి ఉన్నయ్" అంటే, "సబూత్ ఏది ఆపా?" అని నా పిల్లలే అడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు. నేను ఎక్కడా రాయలేదు కదా. నేను ఖియానత్ చేయకపోయినా, నా నిర్లక్ష్యం నా పిల్లల చేత చేయిస్తుంది.

ఆ మాట విన్నాక అబ్బా పుస్తకం గుర్తొచ్చింది.

అబ్బా మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. మిల్లు చిట్టా, ఆవర్జా ఆయనే రాసేవారు. అవి మిల్లులోనే ఉండేవి. ఇంట్లో ఇంకో పుస్తకం ఉండేది, ఎర్ర అట్ట, పొడుగ్గా. హమాలీలు వారం కూలీలోంచి పదో ఇరవయ్యో ఆయన దగ్గర దాచుకునేవాళ్ళు. ఒకరు దసరాకని, ఒకరు రమ్జాన్‌కని, ఒకరు బిడ్డ పెళ్ళికని. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. మొదటి పేజీలో మాత్రం రెండు వరుసలు ఉండేవి: లేనా, దేనా. మనకి రావాల్సింది, మనం ఇవ్వాల్సింది. మూడో వరుస అడ్డంగా గీత గీసి, వేరుగా: అమానత్.

చిన్నప్పుడు నేను అడిగాను, అమానత్ కూడా దేనానే కదా, మనం ఇవ్వాల్సిందే కదా అని. "దేనా అంటే మనం వాడుకుని ఇచ్చేది. అమానత్ మనం వాడుకునేది కాదు. అందుకే గీత" అన్నారు.

జనాజా నమాజ్‌కి ముందు మస్జిద్‌లో చాచా నిలబడి, మర్హూమ్ ఎవరికైనా బాకీ ఉంటే మా దగ్గరికి రండి అని ఐలాన్ చేశారు. మన దగ్గర అందరూ చేసేదే. మూడో రోజు ఒక హమాలీ భార్య వచ్చింది. ఆమె భర్త ఏడాది ముందే పోయాడు. "మా ఆయన దాస్కున్న పైసలు ఉండాలె అయ్యా, నాలుగు వేలు ఉంటయేమో" అంది. పుస్తకం తీశాం. ఆరు వేల రెండొందలు ఉన్నాయి. తేదీలతో సహా. ఇచ్చేశాం. ఆ పుస్తకం చదవడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఉర్దూ చదవడం వస్తే చాలు.

తెలుగువాళ్ళందరూ లెక్కల్లో వాడే మాటలు చూడండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, నగదు, రసీదు, కిస్తీ. అన్నీ అరబీ ఫార్సీల నుంచి వచ్చినవే. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరె బఖరాలో 282వది. అది అప్పు రాసుకోవడం గురించి, రాసేవాడి గురించి, గవాహుల గురించి. మాటలు మనవి, హుకుం మనది. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ మీద బతుకుతున్న నేను మాత్రం అక్క పైసలు ఎక్కడా రాయలేదు.

అప్పుడు నాకు ఏం కావాలో తెలిసింది. అంతవరకు నేను ఏ యాప్ బాగుంది, ఏది అందంగా ఉంది, ఏది దానంతటదే చేస్తుంది అని చూస్తున్నాను. ఇప్పుడు అబ్బా గీసిన ఆ గీత ఏ సాఫ్ట్‌వేర్ గీస్తుంది అని వెతికాను.

దొరికింది గ్నూక్యాష్. 1998 నుంచి ఉంది. మఫ్త్. విండోస్‌లో, మ్యాక్‌లో, లైనక్స్‌లో నడుస్తుంది. ఫైలు మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఎవరి సర్వర్‌కీ పోదు. ఖాతాల పేర్లు తెలుగులో రాసుకోవచ్చు, ఉర్దూలోనూ రాసుకోవచ్చు. చూడటానికి అందంగా ఏం ఉండదు, పాత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. బ్యాంకు మెసేజ్‌లు చదవదు. అన్నీ మనమే రాయాలి. ఫోన్‌లో వాడుకునేది కాదు. నేర్చుకోవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

కానీ అది జంట పద్దు పద్ధతిలో నడుస్తుంది. ఒకచోట నుంచి పైసలు పోతే ఇంకోచోటికి చేరాలి. ఎక్కడికి చేరిందో చెప్పకపోతే ఆ మొత్తాన్ని 'ఇంబ్యాలెన్స్' అనే ఖాతాలో పడేసి, ప్రతి రోజూ కళ్ళ ముందు పెడుతుంది. నాకు కావాల్సిన అరుపు ఇదే. ఫండ్లని రూపాయల్లో కాకుండా యూనిట్లలో రాసుకుంటుంది. ఇక నేను రెండు వేరు వేరు చెట్లు పెట్టుకున్నాను. ఒకటి 'నా ఆస్తి'. ఇంకోటి 'అమానత్'. ఫండ్ ఒకటే అయినా, నా యూనిట్లు నా చెట్టు కింద, ఆపా యూనిట్లు అమానత్ చెట్టు కింద. రిపోర్టు తీసేటప్పుడు ఏ చెట్టు కావాలో అది ఎంచుకుంటే ఇంకోటి అందులో కలవదు.

ఆరేళ్ళ పాత లెక్క ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఫండ్ల రిజిస్ట్రార్ల దగ్గరి నుంచి. క్యామ్స్, మన హైదరాబాద్‌లోనే ఉన్న కేఫిన్‌టెక్, ఈ రెండిటిలో మన పాన్, ఈమెయిల్ ఇస్తే మొదటి రోజు నుంచి ప్రతి లావాదేవీ, ఆ రోజు ధర, యూనిట్లు అన్నీ ఉన్న స్టేట్‌మెంట్ పంపిస్తారు. ఉచితం. మీ దగ్గర ఏ లెక్కా లేకపోతే మొదట ఆ పని చేయండి.

ఇప్పుడు హిసాబ్ చెప్తాను. అంకెలు గుండ్రంగా చేశాను, లెక్క మాత్రం ఇదే.

2018లో యూనిట్ ధర 100 రూపాయలు. 12 లక్షలకి 12,000 యూనిట్లు. ఆపావి 7,000, నావి 5,000. 2019లో ఆపా ఆపరేషన్‌కి 50,000 తీశాం. అప్పుడూ ధర వందే. 500 యూనిట్లు పోయాయి, ఆపాకి 6,500 మిగిలాయి. 2020 ఏప్రిల్‌లో, మార్కెట్ పడిపోయి ధర 80కి వచ్చినప్పుడు, నా ఇంటి ఖర్చులకి నేను 2 లక్షలు తీశాను. ఆ 2 లక్షలకి 2,500 యూనిట్లు పోయాయి. నాకు 2,500 మిగిలాయి. 2022లో ధర 160 ఉన్నప్పుడు ఆపా స్లాబుకి లక్ష తీశాం. 625 యూనిట్లు. ఆపాకి 5,875 మిగిలాయి. ఇప్పుడు ధర 240. ఆపావి 5,875 యూనిట్లు, అంటే 14,10,000. నావి 2,500 యూనిట్లు, 6,00,000. మొత్తం యాప్ చూపించిన ఆ 20,10,000.

ఈ అంకె చూడకముందు నా మనసులో ఉన్న అంకెలు వేరు. దాచకుండా చెప్తాను. మొదట నఫ్స్ చెప్పింది: ఆపా ఏడు పెట్టింది, లక్షన్నర తీసుకుంది, మిగిలింది ఐదున్నర. ఎనిమిది ఇస్తే దువాలు ఇస్తుంది. తర్వాత కొంచెం ఇన్సాఫ్‌గా ఆలోచించి, పెట్టింది ఏడుకి ఐదు కాబట్టి ఉన్నదాన్ని పన్నెండు భాగాలు చేసి ఏడు భాగాలు ఇద్దామనుకున్నాను. అది 11,72,500. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ మార్కెట్ పడిపోయిన రోజున తక్కువ ధరకి ఎక్కువ యూనిట్లు అమ్ముకుంది నేను. ఆ నష్టంలో సగానికి పైగా ఆపా మీద వేసేవాణ్ణి, ఆమెకి తెలియకుండానే. నాకూ తెలియకుండానే. తేడా 2,37,500 రూపాయలు. ఒక బిడ్డ చదువులో అది చిన్న మొత్తం కాదు.

ఆపాకి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పద్నాలుగా? సరిగ్గ చూస్కో రే. నీ పైసలు ఏమన్న నా దాంట్ల కల్సినయేమో" అంది.

పూర్తి లెక్క ప్రింట్ తీసి పంపించాను. తేదీలు, ధరలు, యూనిట్లు, దాని మీద పడే టాక్స్ ఎవరి యూనిట్లకి ఎంతో కూడా. మా భాంజీ లెక్కల్లో తేజ్. రెండు రోజుల తర్వాత అదే ఫోన్ చేసింది.

"మామూ, అంతా కరెక్టే. కానీ 2019ల యాభై వేలు ఉన్నయ్ కదా, ఆపరేషన్‌వి. అవి మీరు ఇచ్చిన్రని అమ్మీ ఇన్ని రోజులు అందరికి చెప్పింది. దీంట్లనేమో అమ్మీ పైసలే అని ఉంది."

వెనక నుంచి ఆపా గొంతు వినిపిస్తోంది. "ఛోడ్ దే, ఉస్కో నక్కో బోల్" అని బిడ్డని ఆపుతోంది.

నాకు దవాఖానా వరండా గుర్తొచ్చింది. దుల్హాభాయ్ బిల్లు చేతిలో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. నేను ఫోన్ తీసి ఆ ఫండ్‌లోంచి యాభై వేలు తీస్తూ, "ఇది నా తరఫున ఆపాకి, వాపస్ మాట ఎత్తొద్దు" అన్నాను. అందరి ముందు అన్నాను. అంటే అది హదియా. నా యూనిట్లలోంచి పోవాలి. నేను లెక్క రాసేటప్పుడు 'ఆపా ఆపరేషన్' అన్న మాట గుర్తుంది కాబట్టి ఆపా ఖాతాలో వేశాను. ఇచ్చిన హదియాని ఐదేళ్ళ తర్వాత వెనక్కి లాక్కుంటున్నానని నాకు తట్టలేదు.

ఆ 500 యూనిట్లు తిరిగి ఆపా వైపు రాశాను. ఆపావి 6,375, అంటే 15,30,000. నావి 2,000, అంటే 4,80,000. బేగంకి చూపించాను. కాసేపు చూసి, "మన స్కూటర్ ఇంకో రెండేళ్ళు నడుస్తది లే" అంది.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా తేదీ చెప్తుంది, మొత్తం చెప్తుంది. నియ్యత్ చెప్పదు. అది ఆ రోజే మనం రాసి పెట్టాలి. గ్నూక్యాష్‌లో ప్రతి పద్దు పక్కన వివరం రాసుకునే చోటు ఉంటుంది. చాలా యాప్‌లలో కూడా ఉంటుంది, ఎవరూ వాడరు. ఇప్పుడు నేను అందులో ఒక్క మాట తప్పకుండా రాస్తున్నాను: హదియా, ఖర్జ్, అమానత్, జకాత్, సద్ఖా. ఒక్క మాట చాలు.

ఇంకో సంగతి కూడా ఈ హిసాబ్‌లో బయటపడింది. ఆపా పైసల మీద ఆరేళ్ళుగా ఎవరూ జకాత్ ఇవ్వలేదు. తమ్ముడు ఇస్తున్నాడని ఆపా అనుకుంది. ఆపా ఇస్తోందని నేను అనుకున్నాను. నేను నా జకాత్ కూడా యాప్ చూపించే మొత్తాన్ని చూసి అందాజాగా ఇస్తూ వచ్చాను. ఆ మొత్తంలో మేము ఉండే ఫ్లాట్ ధర కూడా ఉంది. ఉండే ఇంటి మీద జకాత్ ఏంటి? పైగా యాప్‌లన్నీ మార్చి 31కి సంవత్సరం ముగిస్తాయి. మన సంవత్సరం హిజ్రీ, 354 రోజులు. పదకొండు రోజులు తక్కువ. జనవరి నుంచి డిసెంబర్ లెక్కన రెండున్నర శాతం ఇచ్చుకుంటూ పోతే, ముప్పై మూడేళ్ళలో ఒక ఏడాది జకాత్ మొత్తం ఎగిరిపోతుంది. అందుకే అంగ్రేజీ సంవత్సరం లెక్క వేసుకునేవాళ్ళు 2.577 శాతం ఇవ్వాలని చెప్తారు. నిసాబ్ కూడా రూపాయల్లో స్థిరంగా ఉండదు. వెండి 612.36 గ్రాములు, బంగారం 87.48 గ్రాములు, ఆ రోజు ధరని బట్టి. ఫండ్ యూనిట్ల మీద జకాత్ మొత్తం విలువ మీదా, లేక కంపెనీల దగ్గరున్న నగదు, సరుకు మేరకా అన్నదాంట్లో ఉలమాల రాయలు వేరువేరుగా ఉన్నాయి. మేము మా మౌలానా సాబ్‌ని అడిగాం. ఆయన చెప్పిన పద్ధతిలో ఆపా ఆరేళ్ళ బాకీ ఏడాదికేడాది లెక్క కట్టి ఇచ్చింది. మీరు మీకు నమ్మకమున్న ఆలిమ్‌ని అడగండి. ఆయన ఏం చెప్పినా, ఆ రోజున నీ దగ్గర ఏం ఉంది అని మొదట అడుగుతారు. గ్నూక్యాష్‌లో ఏ తేదీ ఇస్తే ఆ తేదీ నాటి చిట్టా వస్తుంది. నేను రమ్జాన్ ఒకటో తారీఖు ఇస్తాను.

అందరూ గ్నూక్యాషే వాడమని నేను చెప్పను. మీ ఇంట్లో ఎవరి పైసలూ మీ దగ్గర లేకపోతే, ఒక జీతం, ఒక ఫండ్ ఉంటే, ఎక్సెల్ చాలు, నోట్‌బుక్ కూడా చాలు. ఏది ఎంచుకున్నా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నా పేరు మీద ఉండి నాది కానిది ఇందులో వేరుగా చూపించవచ్చా? రూపాయలే కాదు, యూనిట్లు, గ్రాములు రాసుకోవచ్చా? ఇందులోని లెక్క మొత్తం బయటికి తీసుకోవచ్చా? నేను లేని రోజున ఇంట్లోవాళ్ళు తెరవగలరా?

మూడో ప్రశ్న తేలికగా తీసుకోకండి. మైక్రోసాఫ్ట్ మనీ అమ్మడం 2009లో ఆపేశారు. అమెరికాలో కోట్లమంది పేర్లు నమోదైన మింట్ 2024లో మూతపడింది. యాప్‌లకి కూడా మౌత్ ఉంది. లెక్కలు మాత్రం మన తర్వాత కూడా ఉండాలి.

నాలుగో ప్రశ్నకి మా జవాబు కాగితమే. బేగం ఒక ఆదివారం నా సాయం లేకుండా కంప్యూటర్ తెరిచి, ఫైలు తీసి, అమానత్ రిపోర్టు ప్రింట్ తీసింది. పాస్‌వర్డ్ కవర్‌లో పెట్టి బీరువాలో ఉంచాం. ప్రతి రమ్జాన్‌కి ఒక్క పేజీ ప్రింట్: లేనా, దేనా, గీత, అమానత్. నా దస్తఖత్, ఇద్దరు గవాహుల దస్తఖత్. వసియ్యత్ నామాతో పాటు అబ్బా ఎర్ర అట్ట పుస్తకంలోనే పెడుతున్నాను.

ఆపా పైసలు వెనక్కి ఇచ్చేశాను. మొదటి ఏడాది ఫీజు పోగా, మిగిలినవి ఆపా పేరు మీద, ఆపా పాన్ మీద వేరే ఫోలియోలో పెట్టించాను. నామినీ భాంజీ. మొదటి రోజే ఇలా చేసి ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ అవసరమూ ఉండేది కాదు. అప్పుడు ఒక గంట పని. ఆరేళ్ళ తర్వాత మూడు నెలల పరేషానీ.

2025 రమ్జాన్ పేజీలో అమానత్ గీత కింద ఆపా పేరు ఉంది. పక్కన సున్నా ఉంది. ఆపా ఆ రోజు ఇఫ్తార్‌కి వచ్చింది. కాగితం చూపించి దస్తఖత్ చేయమన్నాను. "సున్నా మీద కూడ దస్తఖతేంది రా?" అని నవ్వుతూ ఉర్దూలో తన పేరు రాసింది.